ఓము భాగహారం, గౌతముని అనుమానం

విద్యుత్ వలయంలో మూడు రాశులు ఎప్పుడూ కలిసే ఉంటాయి. తీగ రెండు కొనల మధ్య విద్యుత్తును నెట్టే ఒత్తిడిని వోల్టేజి అనీ, ఆ ఒత్తిడికి లోబడి తీగలో సాగే ప్రవాహాన్ని కరెంటు అనీ, ఆ ప్రవాహానికి తీగ కలిగించే అడ్డును నిరోధం అనీ అంటారు. మొదటిదానికి వోల్టు, రెండోదానికి ఆంపియరు, మూడోదానికి ఓము కొలమానాలు. మొదటి రెండింటి జాడ ఏదో ఒక సూచి కదలికగా కంటికి అందుతుంది. మూడోది మాత్రం ఏ సూచికీ నేరుగా చిక్కదు. వోల్టేజిని కరెంటుతో భాగించగా వచ్చిన లబ్ధానికి నిరోధమని పేరు పెట్టి, అది తీగలోనే ఉన్నదని చెబుతారు. భాగహారం జరిగింది కాగితం మీద, ఉన్నదంటున్నది తీగలో. ఈ రెండింటినీ కలిపే ఆధారం ఏమిటన్న ప్రశ్న భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించదు గాని, జ్ఞానం ఎలా కలుగుతుంది, కలిగిన జ్ఞానం నిజమని ఎలా తెలుస్తుంది అని విచారించిన భారతీయ దర్శనాలకు అది చిరపరిచితమైన ప్రశ్నే.

గోదావరి పడమటి గట్టున, రాజమహేంద్రవరానికి ఎదురుగా ఉన్న కొవ్వూరులో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన చోటు ఉంది. అక్కడి గోష్పాద క్షేత్రం గౌతమ మహర్షి కథతో ముడిపడినది. ఆ ఊరిలోనే ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం సంస్కృత విద్యకు నిలయంగా నిలిచింది. ఊరికి దిగువన విజ్జేశ్వరంలో సహజవాయువుతో విద్యుత్తును తీయడానికి నెలకొల్పిన కేంద్రం ఉంది. తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాలకు కర్తగా చెప్పే అక్షపాద గౌతముడూ, గోదావరిని నేలకు దింపిన గౌతముడూ ఒక్కరేనని సంప్రదాయం విశ్వసిస్తుంది. చరిత్ర దృష్టితో చూసేవారు ఈ అభేదాన్ని అంగీకరించరు. ఆ వివాదం ఎటు తేలినా, అనుమానమనే ప్రమాణానికి, అంటే జ్ఞానసాధనానికి, తొలి శాస్త్రాన్ని ఏ పేరుతో లోకం గుర్తిస్తున్నదో ఆ పేరుతోనే అక్కడ నదినీ పిలుస్తారన్నది విస్మరించదగిన విషయం కాదు.

ముందుగా లెక్క స్వరూపాన్ని స్పష్టం చేసుకోవాలి. 230 వోల్టుల మీద పనిచేసే 1000 వాట్ల ఇస్త్రీపెట్టెలో సుమారు 4.35 ఆంపియర్ల కరెంటు పారుతుంది. 230ని 4.35తో భాగిస్తే 52.9 వస్తుంది కనుక, దాని లోపలి తీగ నిరోధం దాదాపు 53 ఓములు. అవే రెండు సంఖ్యలను భాగించక గుణిస్తే 1000 వాట్లు వస్తుంది; ఇది సామర్థ్యం, అంటే క్షణక్షణానికీ ఆ తీగలో విద్యుచ్ఛక్తి ఎంత చొప్పున వేడిగా మారుతున్నదో తెలిపే రాశి. ఆ పెట్టె ఒక గంటసేపు ఆగకుండా కాలితే కరెంటు బిల్లులో ఒక యూనిట్ చేరుతుంది. ఈ విధంగా రెండు కొలతల నుంచి, ఒకసారి భాగించి ఒకసారి గుణించి, కొలవని రెండు రాశులను రాబట్టడమే ఈ లెక్క మొత్తం. అయితే ఈ రెండూ ఒక కోవకు చెందినవి కావు. సామర్థ్యానికి వేడి రూపంలో చేతికి తెలిసే సాక్ష్యం ఉంది. నిరోధానికి అటువంటి సాక్ష్యం లేదు. తీగ ఎర్రబడడాన్ని కన్ను చూస్తుంది, దాని వేడి చర్మానికి తగులుతుంది, కాని 53 ఓములు అన్నది ఏ ఇంద్రియానికీ గోచరించదు.

ఇంద్రియాలతో వస్తువుకు సంబంధం ఏర్పడి కలిగే జ్ఞానం ప్రత్యక్షం. ప్రత్యక్షంగా తెలిసిన ఒక గుర్తును పట్టుకొని, ఆ గుర్తుతో నిత్యసంబంధం గల మరో దానిని తెలుసుకోవడం అనుమానం; నేటి వాడుకలోని సందేహం అన్న అర్థం దీనికి లేదు. గౌతముని సూత్రం అనుమానాన్ని మూడు తెరగులుగా చెబుతుంది: కారణాన్ని చూసి కార్యాన్ని ఊహించడం, కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించడం, లోకంలో సామాన్యంగా కనిపించే తీరును బట్టి కంటికి కనిపించనిదాన్ని ఊహించడం. రెండోదానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ నదికి సంబంధించినది. నది మునుపటి కంటే నిండుగా, వేగంగా పారుతుంటే ఎగువన వాన కురిసిందని గ్రహించడం ఆ ఉదాహరణ. గోదావరి గట్టున ఉండేవారికి ఇది పుస్తకంలో చదువుకోవలసిన సంగతి కాదు. తొలకరి తరువాత ఎర్రనీరు దిగిందంటే ఎగువ కొండలలోనూ తెలంగాణలోనూ వర్షాలు పడ్డాయని గట్టు మీద నిలబడిన ఎవరైనా చెప్పగలరు.

అయితే న్యాయసూత్రాలు ఈ ఉదాహరణను అంత సులభంగా వదిలిపెట్టలేదు. రెండో అధ్యాయంలో ప్రతివాది ఒక ఆక్షేపణ తెస్తాడు: నది నిండడానికి వానే కారణం కానక్కరలేదు, దిగువన ఏదో అడ్డు పడినా నీరు నిండుతుంది, కాబట్టి నిండుదనం వానకు గుర్తు కాజాలదు, అనుమానం ప్రమాణమే కాదు. కొవ్వూరు ముందున్న గోదావరి ఈ ఆక్షేపణకు సజీవమైన నిదర్శనం. 1847లో మొదలై 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో తరువాతి కాలంలో లేచిన బ్యారేజీ ఊరికి దిగువన ఉన్నాయి. ఎగువన చినుకు పడని వేసవి నెలలలో కూడా అక్కడ నదిలో నీరు పరచుకొని కనిపించడానికి ఆ అడ్డే కారణం. ప్రతివాది చెప్పిన అడ్డు అక్కడ కాటను చేతి రాతికట్టుగా వెలసింది. దీనికి సిద్ధాంతి సమాధానం చాలా నేర్పుగా ఉంటుంది. వట్టి నిండుదనాన్ని ఎవరూ గుర్తుగా చెప్పలేదనీ, నిండుదనంతో పాటు వేగం, నురుగు, కొట్టుకొచ్చే ఆకులూ కొయ్యలూ అన్నీ కలిసినప్పుడే అది వానకు గుర్తవుతుందనీ, అడ్డు వల్ల నిండిన నీటికి ఈ విశేషాలు ఉండవనీ అతడంటాడు. గుర్తు చెడ్డది కాదు, గుర్తును సగం చూసినవాడి చూపు చాలదు అన్నది ఆ సమాధానంలోని సారం.

విద్యుత్ కొలతకు ఈ సమాధానం అక్షరాలా వర్తిస్తుంది. తెగిన తీగ కొనల మధ్య వోల్టేజి పూర్తిగా 230 చూపించవచ్చు, కరెంటు మాత్రం సున్నా. ఆనకట్ట వెనుక నిండిన నీరు ఎంత ఎత్తున నిలిచినా పారుదల లేనట్టే. వోల్టేజి ఒక్కటే చూసి వలయం బాగుందని చెప్పడం, నిండుదనం ఒక్కటే చూసి వాన కురిసిందని చెప్పడం ఒకే రకం తొందరపాటు. రెండు కొలతలనూ ఒకే తీగ మీద, ఒకే క్షణాన, ఒకే స్థితిలో తీసుకున్నప్పుడే వాటి భాగహారానికి అర్థం ఉంటుంది.

ఇక్కడ మరింత లోతైన ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది, అది బౌద్ధాచార్యుడు నాగార్జునునిది. ప్రమేయాలను, అంటే తెలుసుకోవలసిన వస్తువులను, ప్రమాణాలు స్థాపిస్తాయి సరే, ఆ ప్రమాణాలను ఏది స్థాపిస్తుందని ఆయన విగ్రహవ్యావర్తనిలో నిలదీశాడు. మరో ప్రమాణమే అంటే దానికి ఇంకొకటి కావాలి, ఆ వరుసకు అంతం ఉండదు. ప్రమాణం అవసరం లేదంటే వాదమే కూలిపోతుంది. ఒక తీగలో వోల్టేజికీ కరెంటుకూ ఉన్న నిష్పత్తి మారదనే ఓము సూత్రం విషయంలో ఈ ఆక్షేపణ పుస్తకాల చర్చగా మిగిలిపోదు. సూచితో పనిచేసే సాధారణ వోల్టుమీటరు లోపల ఉన్నది పెద్ద నిరోధమూ, దానిలో పారే సూక్ష్మమైన కరెంటుకు కదిలే సూచీ మాత్రమే. ఆ కరెంటును నిరోధంతో గుణించి, వచ్చిన విలువను వోల్టులుగా పలక మీద ముందే రాసి పెడతారు. అంటే ఓము సూత్రాన్ని పరీక్షించవలసిన పరికరమే ఓము సూత్రాన్ని నమ్మి తయారైంది. నిరోధాన్ని నేరుగా చూపుతుందని పేరు పడ్డ ఓమ్‌మీటరు చేసేదీ ఇంతే: తన బ్యాటరీ నుంచి కరెంటును పంపి, భాగహారాన్ని తనలోనే ముగించి, ఫలితాన్ని మాత్రం చూపుతుంది. నిరోధం ప్రత్యక్షమైనట్టు కలిగే భ్రాంతికి అనుమానం పెట్టె లోపల దాగి ఉండడమే కారణం.

గౌతముని సూత్రం ఈ రకమైన ఆక్షేపణకు తక్కెడను చూపి బదులు చెప్పింది. తక్కెడ బంగారాన్ని తూస్తుంది, అప్పుడది ప్రమాణం. ఆ తక్కెడ సరైనదా కాదా అని తెలిసిన బరువుతో పరీక్షించినప్పుడు అదే ప్రమేయం. ఒకే వస్తువు ఒక సందర్భంలో కొలిచేది, మరో సందర్భంలో కొలవబడేది కావడంలో విరోధం లేదు. వెనక్కి పోయే వరుస వ్యవహారంలో ఎక్కడో ఒకచోట, సందేహం లేనిచోట, ఆగుతుంది. గెయోర్గ్ సైమన్ ఓము 1826లో కొలోన్‌లో చేసిన ప్రయోగాలను ఈ వెలుగులో చూస్తేనే వాటి గొప్పదనం తెలుస్తుంది. నాటి బ్యాటరీల ఒత్తిడి నిలకడగా ఉండక క్షణక్షణం మారుతూ ఉండేది. అందుచేత ఆయన బిస్మతు, రాగి అతుకుతో చేసిన ఉష్ణయుగ్మాన్ని తీసుకొని, ఒక అతుకును మరిగే నీటిలోను రెండోదాన్ని మంచులోను ఉంచి, ఆ రెండు ఉష్ణోగ్రతల భేదం మారనంతకాలం మారని ఒత్తిడిని సంపాదించాడు. కరెంటును సన్నని లోహపు పట్టీకి వేలాడదీసిన అయస్కాంత సూచి మెలితో కొలిచాడు. వేర్వేరు పొడవుల రాగి తీగలను ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూశాడు. అందులో ఒత్తిడిని నిలిపింది నీరు మరిగే స్థితి, మంచు కరిగే స్థితి. ప్రవాహాన్ని కొలిచింది పట్టీ మెలి. ఈ రెండింటిలోనూ ఓము సూత్రం ముందుగా చొరబడలేదు. చక్రంలో తిరగకుండా బయటి ఆధారం మీద నిలబడి తక్కెడను పరీక్షించడం అంటే ఇదే. 1827లో బెర్లిన్‌లో అచ్చయిన ఆయన గ్రంథాన్ని, ప్రకృతిని శుద్ధభావనతోనే వివరించవచ్చుననుకొనే తాత్త్విక వాతావరణంలో పెరిగిన సమకాలికులు కొందరు చిన్నచూపు చూశారు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చేదాకా ఆయనకు తగిన గౌరవం దక్కలేదు.

గుర్తుకూ గుర్తు తెలిపేదానికీ మధ్య ఉండవలసిన ఎడబాటు లేని సంబంధాన్ని వ్యాప్తి అంటారు. దీన్ని పిల్లలకు కూడా అందేలా చెప్పిన గ్రంథం తర్కసంగ్రహం. దాని కర్త అన్నంభట్టు తెలుగువాడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడన్న సామెత ఆయన ఖ్యాతికి గుర్తుగా పండితుల నోట నిలిచింది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో వలె. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో వలె. ఇది నిలిచే వ్యాప్తి. దీన్ని తిరగవేసి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే మాత్రం చెల్లదు, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీలో నిప్పు ఉన్నా పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవాలి. ఈ పచ్చికట్టె తోడును శాస్త్రం ఉపాధి అంటుంది: సాధించదలచినది ఉన్నచోటల్లా ఉంటూ, గుర్తు ఉన్న కొన్ని చోట్ల లేకుండా పోయే అదనపు షరతు. ఉపాధి దొరికితే వ్యాప్తి విరిగినట్టే. లేదా ఆ షరతును చేర్చి వ్యాప్తిని మళ్ళీ చెప్పుకోవాలి.

వోల్టేజి రెట్టింపైతే కరెంటూ రెట్టింపవుతుందన్న మాటలో సరిగ్గా ఇటువంటి ఉపాధి దాగి ఉంది, అది తీగ ఉష్ణోగ్రత మారకపోవడం. లోహపు తీగలో వోల్టేజితో పాటు కరెంటు అదే పాళ్ళలో పెరిగిన సందర్భాలన్నింటిలో ఆ నిలకడ కనిపిస్తుంది. వోల్టేజి పెరిగిన సందర్భాలన్నింటిలో అది కనిపించదు. ఇస్త్రీపెట్టెలోని నైక్రోము తీగ వేడెక్కినా నిరోధం కొద్దిగానే మారుతుంది కనుక అక్కడ ఈ లోపం బయటపడదు. పాత తంతువు బల్బులో మాత్రం అది కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. 230 వోల్టుల 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దానిలో 0.435 ఆంపియర్లు పారుతాయి. నిరోధం 529 ఓములు. అదే బల్బును హోల్డరు నుంచి విప్పి చల్లారాక ఓమ్‌మీటరుకు తగిలిస్తే సుమారు 40 ఓములే చూపుతుంది. ఆ 40 ఓములను పట్టుకొని సామర్థ్యాన్ని లెక్కగడితే 1300 వాట్లు దాటుతుంది, బల్బు మీద అచ్చువేసిన అంకెకు పదమూడు రెట్లు. కొలతలో తప్పు లేదు, భాగహారంలోనూ లేదు. రెండువేల డిగ్రీలు దాటిన టంగ్‌స్టన్ తంతువు గురించి చెప్పవలసిన మాటను చల్లని తంతువును చూసి చెప్పడమే దోషం. విచిత్రమేమిటంటే ఆ 1300 వాట్లు కూడా పూర్తిగా అబద్ధం కాదు; స్విచ్చి వేసిన తొలి క్షణాంశంలో తంతువు ఇంకా చల్లగానే ఉంటుంది కనుక నిజంగానే అంత కరెంటు లాగుతుంది, పాత బల్బులు చాలావరకు స్విచ్చి వేసేటప్పుడే మాడిపోవడానికి ఆ ఉరవడి ఒక ముఖ్య కారణం.

విద్యార్థులను తరచు తికమక పెట్టే చిక్కు ఒకటి ఇదే కోవలోనిది. సామర్థ్యాన్ని కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించి పొందవచ్చు. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించీ పొందవచ్చు. మొదటి సూత్రం నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందంటుంది, రెండోది తగ్గుతుందంటుంది. రెండూ ఒకే సూత్రం నుంచి పుట్టినవే గనుక ఒకటి నిజమై మరొకటి అబద్ధం కావడానికి వీల్లేదు. ఏది మారకుండా నిలిచింది అన్నదే ఇక్కడి ఉపాధి. ఇంటిలోని పరికరాలన్నింటికీ ఒకే 230 వోల్టులు అందుతాయి. అక్కడ నిరోధం తక్కువైన పరికరమే ఎక్కువ వేడినిస్తుంది. సర్వీసు వైరు మీటరును చేరే చోట అతుకు వదులైనప్పుడు సంగతి వేరు. ఇంటికి పోయే కరెంటు అంతా ఆ అతుకు గుండానే పోక తప్పదు, దాని పరిమాణాన్ని నిర్ణయించేది ఇంట్లోని పరికరాలు గాని అతుకు కాదు. 10 ఆంపియర్లు లాగే గీజరు నడుస్తుండగా వదులైన అతుకులో అర ఓము నిరోధం ఏర్పడితే, గోరంత చోటులో 50 వాట్ల వేడి పుడుతుంది. తొడుగు నల్లబడి, ముడుచుకుపోయి, కాలిన వాసన వేసే ఆ చోటును కరెంటు పనివాళ్ళు లూజు కాంటాక్టు అంటారు. వేడికి అతుకు ఇంకా పాడవుతుంది, పాడైనకొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది. ఇంట్లోని పరికరాలకు చెల్లిన సూత్రాన్ని ఇక్కడ వాడి, నిరోధం ఎక్కువైతే వేడి తగ్గుతుందిలే అని ఊరుకున్నవాడి ఇల్లు అంటుకుంటుంది.

కొవ్వూరు నుంచి మెట్ట వైపు పోయే పొలాలలో మరో రూపం కనిపిస్తుంది. వేసవిలో లో వోల్టేజి వచ్చినప్పుడు, ఒత్తిడి తగ్గింది కనుక కరెంటూ తగ్గుతుంది, మోటారుకు ప్రమాదం లేదు అని ఓము సూత్రం తెలిసినవాడు అనుకోవచ్చు. కాని బరువు లాగుతున్న మోటారు వట్టి నిరోధం కాదు. లాగవలసిన నీటి బరువు తగ్గలేదు కనుక, తగ్గిన వోల్టేజికి బదులుగా అది కరెంటును ఎక్కువగా తీసుకుంటుంది. కరెంటు ఐదోవంతు పెరిగితే చుట్టలోని వేడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, చుట్ట కాలిపోతుంది. రైతు ఈ సంగతిని కాలిన మోటార్ల ద్వారా తెలుసుకున్నాడు. అతనికి వ్యాప్తి తెలియకపోయినా వ్యభిచారం, అంటే వ్యాప్తి తప్పిన చోటు, బాగా తెలుసు. ఆ ఎరుకను శాస్త్రజ్ఞానం కంటే తక్కువైనదిగా చూడడం న్యాయశాస్త్ర దృష్టికే విరుద్ధం. వ్యాప్తిని గ్రహించడానికి పదేపదే చూడడం ఎంత అవసరమో, తప్పిన చోటు కనబడకపోవడమూ అంతే అవసరమని ఆ శాస్త్రమే చెబుతుంది.

గోష్పాద క్షేత్రపు కథను ఈ దృష్టితో మళ్ళీ చదివితే దానిలో ఒక గంభీరమైన అర్థం తోస్తుంది. కరువు కాలంలో గౌతముడు తన తపోబలంతో పంట పండించి పదిమందికీ అన్నం పెట్టాడు. అసూయ చెందిన మునులు మాయాగోవును సృష్టించి చేలోకి తోలారు. ఆయన దర్భపోచతో అదిలించగా ఆవు కూలిపోయింది. గోహత్యాపాతకం తనకు అంటిందని భావించి, శివుని గురించి తపస్సు చేసి గంగను గోదావరిగా ఆ చోటికి రప్పించాడు. దర్భపోచ తగలడమూ ఆవు కూలడమూ ఒకదాని వెంట ఒకటి జరిగాయి గాని, దర్భపోచతో ఆవులు చస్తాయన్న వ్యాప్తి లోకంలో ఎక్కడా లేదు. హేతువులా కనిపించి హేతువు కానిదాన్ని హేత్వాభాసం అని వర్గీకరించిన శాస్త్రం ఏ పేరు మీద నిలిచిందో, ఆ పేరు గల ఋషి చుట్టూనే పురాణం ఒక హేత్వాభాసాన్ని అల్లింది. అయినా పురాణం ఆయనను తప్పుపట్టదు. తన చేతిలో జరిగినదానికి కారణం తాను కాదని తర్కించి తప్పుకొనే అవకాశం ఉన్నప్పటికీ ఆయన తప్పుకోలేదు. ఎదుటివాడి దోషాన్ని స్థాపించేటప్పుడు వ్యాప్తిని అణువణువునా పరీక్షించాలి, తన బాధ్యతను అంగీకరించేటప్పుడు అంత పరీక్ష కోరనక్కరలేదు అన్న ధర్మసూక్ష్మం అక్కడ ఉన్నది. ప్రమాణశాస్త్రం నిశ్శ్రేయసానికి, అంటే పరమమైన మేలుకు, దారి అని న్యాయసూత్రాల ఆరంభంలోనే చెప్పడం వట్టి మంగళవాక్యం కాదని ఈ కథను దాని సరసన ఉంచి చూస్తే నమ్మకం కలుగుతుంది.

నిరోధం తెలిసేది అనుమానం వల్లనేనని తేలింది. ఇక అది ఎటువంటి పదార్థమన్నది మిగిలిన ప్రశ్న. మీమాంసకులు నిప్పులో కంటికి కనిపించని దాహకశక్తి వేరే పదార్థంగా ఉందనీ, ఒకానొక మణిని దగ్గర ఉంచితే నిప్పు కాల్చలేకపోవడానికి ఆ శక్తి ఉడగడమే కారణమనీ వాదించారు. న్యాయదర్శనపు ఆచార్యుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీన్ని ఖండించాడు: ప్రత్యేకమైన శక్తిని ఒప్పుకోనక్కరలేదు, అడ్డు లేకపోవడం కూడా కారణసామగ్రిలో ఒక భాగమేనంటే చాలు. మణి అనే ప్రతిబంధకం ఉన్నప్పుడు ఆ భాగం లోపించింది, కార్యం పుట్టలేదు. వోల్టేజి ఉండీ కరెంటు పరిమితంగానే పారడాన్ని వివరించడానికి తీగలో మర్మశక్తి ఏదీ అక్కరలేదు, అడ్డు ఎంత ఉన్నదో చెబితే చాలునన్న నేటి వివరణ ఉదయనుని పక్షానికే దగ్గరగా ఉంది. అయితే ఆ అడ్డు మణిలా బయటి వస్తువు కాదు, తీగలోనే ఉంది. అందుచేత వైశేషికులు గురుత్వానికి, అంటే బరువుకు, ఇచ్చిన స్థానం నిరోధానికి ఇంకా బాగా అమరుతుంది. వారి ఆచార్యుడు ప్రశస్తపాదుడు గురుత్వాన్ని గుణాలలో చేర్చి, అది ఇంద్రియాలకు అందదనీ, పడిపోవడమనే కార్యాన్ని బట్టి ఊహించవలసినదే అనీ చెప్పాడు. నిరోధమూ అటువంటి అతీంద్రియ గుణమే: తీగ పొడవు రెట్టింపైతే రెట్టింపవుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది, తీగను బట్టే ఉంటుంది. విడి ఎలక్ట్రానుకు నిరోధం లేదు. కంపించే పరమాణువులూ వాటి నడుమ సాగే ఎలక్ట్రానులూ కలిసిన మొత్తానికే ఉంది. అవయవి అవయవాల కుప్ప కాదు, వాటికంటే వేరైన వస్తువన్న న్యాయవైశేషికుల పట్టుదల ఇక్కడ నిలబడుతుంది.

ఈ నిర్ణయానికి రెండు గట్టి పరీక్షలు ఆధునిక కాలంలో ఎదురయ్యాయి. 1911లో భౌతికశాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లార్చినప్పుడు దాని నిరోధం ఒక్కసారిగా మాయమైంది. నిరోధం లేదన్న జ్ఞానం ఎలా కలిగింది? నేల మీద కుండ లేదన్న జ్ఞానం ప్రత్యక్షమే, ఎందుకంటే ఉంటే కనబడి ఉండేది. నిరోధం ఉన్నా కనబడేది కాదు గనుక, అది లేకపోవడం, అంటే దాని అభావం, కూడా ప్రత్యక్షం కాజాలదు. ఇలా నిరోధం పోయిన అతివాహకపు వలయంలో ఒకసారి మొదలైన కరెంటు ఎంతకాలమైనా తరగకపోవడాన్ని చూసి ఊహించవలసిందే. ప్రయోగశాలలు కూడా ఇంతకు మించి ఉంటే తెలిసేది అని ఒక హద్దును మాత్రమే ప్రకటిస్తాయి గాని, సున్నాను కొలిచామనవు. తార్కికుల నియమం, ప్రయోగకారుల నిగ్రహం ఇక్కడ అద్భుతంగా ఏకీభవిస్తాయి.

రెండో పరీక్ష ఇంత అనుకూలంగా లేదు. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్, బలమైన అయస్కాంత క్షేత్రంలో అతి శీతలంగా ఉంచిన పలుచని అర్ధవాహక పొరలో అడ్డంగా ఏర్పడే వోల్టేజిని పారే కరెంటుతో భాగించి చూస్తే, ఫలితం 25,812.807 ఓములుగానో, దానిని పూర్ణసంఖ్యతో భాగించగా వచ్చే విలువగానో ఉంటుందని కనుగొన్నాడు. పొర పొడవు వెడల్పులు మారినా, పదార్థం మారినా ఆ అంకె మారదు. ఎలక్ట్రాను ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. 2019 మే 20 నుంచి ఆ రెండింటికీ కచ్చితమైన విలువలు స్థిరపరచడంతో ఆ అంకె కూడా స్థిరపడి, లోకంలోని ఓములన్నింటికీ తక్కెడరాయి అయింది. గుణం ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉంటుందన్నది వైశేషికుల మూలనియమం. ఇక్కడ ఆశ్రయం ఉంది, పొర లేకుండా కొలతే లేదు. పరిమాణం మాత్రం ఆశ్రయానిది కాదు, బంగారానికీ ఇనుముకూ ఒకే బరువు తూగినట్టు ఏ పొరను తెచ్చినా ఒకటే. దీన్ని గుణమనే అనాలా, ద్రవ్యాలన్నింటిలో ఒకటిగా అనుగతమయ్యే సామాన్యం వైపు జరపాలా, గురుత్వం పక్కన వేసిన పీటను ఇక్కడ తీసివేయాలా అన్నది నేటి తార్కికులు ఇంకా తేల్చవలసిన పని. తడిసిన దర్భ వాసన వేసే పాఠశాలలోనైనా, ద్రవ హీలియం పొగలు చిమ్మే ప్రయోగశాలలోనైనా, దానికి పనికివచ్చే సాధనాలు వ్యాప్తి, ఉపాధి, వ్యభిచారం, అభావం ఇవే.